కుడి భుజం మీద పైట

ఆ హోటలు గేటు దగ్గర కాపలా ఉండే మనిషికి నా ఫోటో ఇచ్చి ఉంచారట, ఈమె వస్తే లోపలికి రానివ్వొద్దని. ఆ సంగతి ఆ కాపలా ఆయనే నాకు చెప్పాడు. "ఏమనుకోకున్రి మేడం, పైకెల్లి ఆర్డర్ వచ్చింది" అన్నాడు. ఏమనుకుంటాను? నేను అరవై దాటిన రిటైర్డు తెలుగు టీచర్ని. మెట్లెక్కితే మోకాళ్లు కటకటమంటాయి. అలాంటి నన్ను చూసి అంత పెద్ద హోటలు జంకుతోందంటే లోపల్లోపల కాస్త గర్వంగానే ఉంది. గొడవ మొదలయ్యాక ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లాను, నాలుగుసార్లూ బయటికి పంపారు. ఐదోసారి కూడా వెళ్తాను. ఎందుకో చెప్తాను, విన్నాక తప్పెవరిదో మీరే తేల్చండి.

ఆ హోటలు ఒకప్పుడు మిర్చి గోదాము. వరంగల్ పాత బజారులో నిజాం కాలంలో ఓ సేటు కట్టించుకున్న రెండంతస్తుల భవంతి. ముందు భాగంలో సేటు కుటుంబం ఉండేది. వెనక భాగం గోదాము. మధ్యలో పెద్ద వాకిలి, చుట్టూ టేకు స్తంభాలు. ఎనుమాముల మార్కెట్ ఇంకా లేని ఆ రోజుల్లో ఊళ్ల నుంచి మిర్చి బస్తాలు బండ్ల మీద నేరుగా అక్కడికే వచ్చేవి. వాకిట్లో మిర్చి కుప్పలు పోస్తే, ముప్పై మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని ముచ్చికలు తీసేవాళ్లు. ముచ్చిక అంటే మిరపకాయ తొడిమ. ఒక్కో కాయనే పట్టుకుని, కాయ చిట్లకుండా తొడిమ ఒక్కటే తుంచాలి. పొద్దున కూర్చుంటే చీకటిపడే దాకా అదే పని. మా అమ్మ ఆ ముప్పై మందిలో ఒకతె.

మిర్చి ముందు కూర్చునే ఏ ఆడమనిషైనా చేసే మొదటి పని కొంగు తీసి ముక్కూ మూతీ కట్టుకోవడం. కట్టుకోకపోతే పది నిమిషాలు కూర్చోలేదు. తుమ్ములు, దగ్గు, కళ్ల వెంట ముక్కు వెంట నీళ్లు. కట్టుకున్నా సగం ఘాటు లోపలికి పోనే పోయేది. మా అమ్మ ఇంటికొచ్చాక మజ్జిగతో చేతులు కడుక్కునేది. అయినా మంట పోయేది కాదు. ఆ చేతులతో నన్ను ముట్టుకుంటే నాకు మండుతుందని ముట్టుకునేది కాదు. తల దువ్వాలన్నా, స్నానం చేయించాలన్నా పక్కింటి అక్కే. నా పదమూడో ఏట అమ్మ పోయింది. ఆమె చెయ్యి నా చెంపకు తగిలిన గుర్తు నాకు ఒక్కటి కూడా లేదు.

బడి లేని రోజుల్లో నన్ను వెంట తీసుకుపోయేది. లోపలికి మాత్రం రానిచ్చేది కాదు. సందులోకి తెరుచుకునే వెనక తలుపు ఒకటుండేది, కూలివాళ్లందరూ ఆ తలుపులోంచే రావాలి. ముందు గుమ్మం సేటు వాళ్లకూ వ్యాపారస్తులకూ. ఆ వెనక తలుపు గడప మీద పలకా బలపం ఇచ్చి కూర్చోబెట్టేది. "ఇటు దాటినవో తోలు దీస్త" అనేది. నేను అక్షరాలు దిద్దుకుంటూ అక్కడే కూర్చునేదాన్ని. అప్పుడప్పుడు తలెత్తి చూస్తే అమ్మ పక్కనుంచి కనిపించేది, ముడేసిన కొప్పు, వంచిన మెడ. నావైపు చూసేదే కాదు. పలక మీద మొత్తం గుణింతం రాసి పైకెత్తి పట్టుకున్నా చూడలేదని ఒకసారి ఏడ్చాను కూడా. నా మనసులో అమ్మ అంటే ఇన్నేళ్లూ అదే, వంచిన తల. నేను స్టేషన్ ఘన్‌పూర్ బడిలో ఇరవై ఏళ్లు పాఠం చెప్పాను. ఏ పిల్ల పలక ఎత్తినా వెంటనే చూసేదాన్ని. ఎందుకో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అమ్మ ఫోటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. ఏడో తరగతి పాసైతే స్టూడియోకు పోయి ఇద్దరం ఫోటో దిగుదామంది. పాసయ్యాను గానీ అప్పటికి ఆమె మంచంలో ఉంది. ప్రతి ఏడూ పెత్తరమాసకు, పెద్దలకు పెట్టుకునే అమావాస్య నాడు, నాన్న పటం ముందు ఒక విస్తరి వేస్తాను. అమ్మ విస్తరి ముందు పటం ఉండదు, ఆమె చీర ఒకటి మడతపెట్టి ఉంచుతాను. మా మనవరాలు ఒకసారి "అమ్మమ్మా, మీ అమ్మంటే చీరనా?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచక కసురుకున్నాను.

ఇదంతా ఇలా ఉండగా, ఆ గోదాము హోటలైందని విన్నాను. మామూలు హోటలు కాదట, పదకొండే గదులున్న హెరిటేజ్ బొటిక్ హోటలట. గదులకు మిర్చి రకాల పేర్లు పెట్టారట. ఒకటి తేజ రూము, ఒకటి చపాటా సూటు. చపాటా సూటులో పడుకుంటారట! నేను పగలబడి నవ్వాను. గోడలు గీకేటప్పుడు కూలీలు తుమ్మలేక చచ్చారని, మూడు రోజులు పని ఆపి నీళ్లు కొట్టారని కూడా విన్నాను. మంచిపనైంది అనుకున్నాను. అంతకుమించి పట్టించుకోలేదు.

అలాంటిది, నాతో పనిచేసిన లెక్కల టీచరు రిటైరైతే ఆమె పిల్లలు టీ పార్టీ అక్కడే పెట్టారు. వెళ్లక తప్పింది కాదు. నేత చీర కట్టుకుని, భుజానికి గుడ్డసంచి వేసుకుని ఆటో దిగాను. గేటు దగ్గర కాపలా ఆయన నన్ను ఎగాదిగా చూసి, "అమ్మా, పనికోసమైతే ఎన్క గేటుకు పోవాలె" అన్నాడు.

నా అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆ ఎన్క గేటు నీకన్న నాకే ఎక్కువ ఎరుక. ఇయ్యాల మాత్రం ముంగటికెల్లే పోత, జరుగు" అన్నాను. పాపం ఆయన వెంటనే పక్కకు జరిగాడు. జరిగాడు గానీ, నా జీవితంలో ఆ ముందు గుమ్మం దాటడం అదే మొదటిసారి. గడప మీద కాలు పెడుతుంటే ఎవరో కేకేస్తారేమోనని ఒక్క క్షణం నిజంగానే ఆగాను. టీచరుగా ఉద్యోగం చేసి, పెన్షన్ తీసుకుంటున్న మనిషిని, ఆ గడప ముందు మళ్లీ కూలిమనిషి కూతురినైపోయాను. ఆ కోపం కూడా వాళ్ల ఖాతాలోనే వేశాను.

లోపల చల్లగా ఉంది. ఏదో అత్తరు కొట్టారు. సేటు కాటా ఒకటి తళతళా తోమి మూలన నిలబెట్టారు. ఓ పక్కగా రిసెప్షన్ బల్ల, దాని వెనక గోడ మీద ఆరడుగుల పెద్ద ఫోటో. నలుపు తెలుపు ఫోటోలో మిర్చికి మాత్రమే ఎర్రరంగు వేశారు. మిర్చి కుప్ప ముందు ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. కొంగు ముక్కు మీదుగా కట్టుకుని ఉంది, కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. తల తిప్పి, తలుపులోంచి వచ్చే గెస్టుల వైపు చూస్తోంది. కింద ఇత్తడి పలక మీద ఇంగ్లీషులో, తెలుగులో రాసి ఉంది. "సిగ్గుల మొగ్గ. కొంగు చాటు నుంచి స్వాగతం పలికే తెలంగాణ పడుచు."

సిగ్గట!

ఎర్రటి ఎండలో మిర్చి కుప్ప ముందు కూర్చుని సిగ్గుపడే తీరిక ఏ కూలిమనిషికి ఉంటుందండీ? ఆ రాసినవాడిని తీసుకొచ్చి, మూతికి గుడ్డ లేకుండా ఆ కుప్ప ముందు ఒక్క గంట కూర్చోబెట్టాలి. సిగ్గు ఎక్కడెక్కడి నుంచి కారుతుందో వాడికే తెలిసొస్తుంది. అది సిగ్గు కాదు నాయనా, ఘాటు. వరంగల్‌లో చిన్నపిల్లనడిగినా చెప్తుంది.

బల్ల వెనక ఉన్న అమ్మాయిని అడిగాను, ఈ మాట ఎవరు రాశారని. "కంటెంట్ టీమ్ మేడం" అంది. ఫోటోలో ఉన్నది ఎవరని అడిగాను. "ఓనర్ వాళ్ల పాత ఆల్బంలో దొరికింది మేడం. ఎవరో తెలీదు. ఆర్ట్‌వర్క్" అంది. ఆ పిల్లను ఏమనగలను, జీతానికి నిలబడ్డ పిల్ల.

కోపం కాస్త తగ్గాక ఆ కళ్లను చూశాను. ఎడమ కనుబొమ మధ్యలో చిన్న గాటు. కట్టెల మోపు తగిలి అమ్మ కనుబొమకు పడ్డ గాటు నాకు గుర్తుంది. కాకపోతే అది కుడి కనుబొమకు. ఎడమకు కాదు. ఒకవేళ నేనే తప్పుగా గుర్తుపెట్టుకున్నానేమో అనుకున్నాను. అప్పుడు చేతులు చూశాను. ఆ మనిషి కుడిచేత్తో ముచ్చిక తీస్తోంది. మా అమ్మది ఎడమచేతి వాటం. అన్నం ఒక్కటే కుడిచేత్తో తినేది, మిగతా పనంతా ఎడమచేతిదే. వరస మధ్యన కూర్చుంటే మోచెయ్యి పక్కామెకు తగులుతోందని గుమాస్తా తిట్టి తిట్టి, చివరికి ఆమెను వరసకు ఎడమ కొసన, మూల స్తంభం దగ్గర కూర్చోబెట్టాడు. ఆ ముచ్చట అమ్మ చాలాసార్లు చెప్పింది. కాబట్టి ఈమె మా అమ్మ కాదు. అంతే. అనుకుని పార్టీలోకి వెళ్లాను గానీ, సమోసా సగంలోనే వదిలేశాను. వచ్చేటప్పుడు ఆ పటాన్ని నా ఫోనులో తీసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కాశిబుగ్గలో ఉన్న ఖాలా దగ్గరికి పోయాను. ఖాలా మా అమ్మతో పాటు ఆ గోదాములో పన్నెండేళ్లు ముచ్చికలు తీసింది. వరసలో అమ్మ పక్కనే కూర్చునేది. ఖాలా అంటే పిన్ని, కానీ అమ్మకు తోడబుట్టింది కాదు, మా ఇళ్లలో మతం కూడా ఒకటి కాదు, అయినా అమ్మ పోయాక నన్ను మనిషిని చేసింది ఆమే. ఎనభై దాటాయి. ఊపిరి ఆడక గొంతులో పిల్లికూతలు వస్తాయి, నోరు మాత్రం పదునుగానే ఉంది. ఫోను చూపిస్తే కళ్లు చికిలించి, "నా కండ్లకు ఇది చీమ లెక్క కనవడ్తాంది. ఇందుల ఏం జూడాలె? నన్ను ఆడికే తోల్కపో" అంది.

"అది పెద్ద హోటల్ ఖాలా."

"అయితే ఏంది? నేను అండ్ల పన్నెండేండ్లు జేసిన. ఆ హోటలోడెన్ని దినాలాయె జేయవట్టి?"

కోడలు కొత్త చీర తీసిస్తే కట్టుకుని, నల్ల బురఖా వేసుకుని ఆటో ఎక్కింది. గేటు దగ్గర కాపలా ఆయన నన్ను గుర్తుపట్టి మారు మాట్లాడకుండా దారి ఇచ్చాడు. లోపల మమ్మల్ని కూర్చోబెట్టి, గాజు గ్లాసుల్లో ఏదో షర్బత్ తెచ్చారు. గ్లాసు అంచుకు చుట్టూ ఎర్రగా కారం ఉప్పు అద్ది ఉంది. ఖాలా వేలితో తుడిచి నాలుక మీద వేసుకుని మొహం ముడుచుకుంది.

"పన్నెండేండ్లు ఉట్టిగనే మింగినం గీ కారం. ఇప్పుడు షర్బత్‌ల గుడ వెట్టిచ్చి మర్యాద జేస్తాన్లా?"

తెచ్చిన కుర్రాడికి అర్థం కాలేదు, థాంక్యూ మేడం అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఖాలాకు దగ్గొచ్చింది. ఆ దగ్గు ఐదు నిమిషాలకు గానీ ఆగలేదు. పక్క సోఫాలో ఉన్న గెస్టులు లేచి అవతలికి వెళ్లారు. దగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు తెలిస్తే కదా!

అప్పుడు ఖాలాను చెయ్యి పట్టుకుని ఆ పటం ముందు నిలబెట్టాను. చాలాసేపు చూసింది. దగ్గరికి పోయింది, వెనక్కి వచ్చింది. బురఖా కొసతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

"నవ్వుతాంది" అంది.

"ఎవరు?"

"ఇగో ఈమె. కండ్లు జూడు, కొనలకు ముడతలు వడ్డయి. గుడ్డ ఎన్క నవ్వుతాంది."

"ఖాలా, నవ్వు సంగతి తర్వాత. అమ్మ కాదు కదా? కుడిచేత్తో తీస్తోంది చూడు."

ఖాలా బల్ల వెనక్కి నడిచింది. మళ్లీ దగ్గరికి వెళ్లి పటం మీద చెయ్యి ఆనించింది. బల్ల వెనక ఉన్న అమ్మాయి "మేడం, ప్లీజ్, టచ్ చేయొద్దు" అంటూ లేచింది. ఖాలా వినిపించుకోలేదు.

"గిదేంది బిడ్డా? పైట గిట్ల ఎందుకున్నది?"

"ఎట్ల?"

"కుడి బుజం మీదున్నది! మన వరసల ఎవలన్న కుడి బుజం మీద పైటేసిన్లా? నేనేసిన్నా? మీ అవ్వేసిందా? కుడి పైటేసే మనిషి ఆ గోదాముల ఒక్కతి లేకుండె."

నేను చూశాను. కొంగు మూతి మీదుగా కుడి భుజానికే పోతోంది. నిన్న అంతసేపు చూశాను, చేతులు చూశాను, కనుబొమలు చూశాను, ఆరు గజాల చీర మాత్రం నాకు కనిపించలేదు. పొద్దున లేచి నేను కట్టుకునే చీరే కదా! ఖాలా నా భుజం పట్టుకుని కుదిపింది.

"ఉల్టా వేసిన్లు బిడ్డా. అద్దంల జూసినట్టు ఉల్టా వేసిన్లు. కుడి అంటే ఎడమ. అది ఎడమచెయ్యి. ఎన్కాల మూల కంబం కనవడ్తలేదా? గా కంబం కాడ మీ అవ్వ దప్ప ఇంకెవలు కూసుండె?"

గాటు కూడా కుడి కనుబొమకే అన్నమాట. అక్కడే ఉన్న కుర్చీలో కూలబడ్డాను. ఏడ్చానని అనుకోకండి, ఏడవలేదు. ముందు కోపమే వచ్చింది. మేనేజర్ని పిలవమన్నాను.

మేనేజరు హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రవాడు. ఇస్త్రీ నలగని చొక్కా, నవ్వు చెరగని మొహం. నేను చెప్పిందంతా విని, "ఓ, సో స్వీట్ మేడం! మీ అమ్మగారా? దీని మీద మనం ఒక రీల్ చేయొచ్చు" అన్నాడు. వాణ్ణి అక్కడే గోడకుర్చీ వేయించాలనిపించింది.

"ముందు ఫోటో తిప్పండి" అన్నాను. "తిరగేసి ముద్రించారు."

"అవును మేడం, ఫ్లిప్ చేశాం. యాక్చువల్లీ ఒరిజినల్‌లో ఆమె అటువైపు చూస్తుంది, సర్వీస్ ఏరియా వైపు. మన మెయిన్ ఎంట్రన్స్ ఇటుంది కదా, గెస్టులు వస్తుంటే వెల్‌కమ్ చేసినట్టు ఉండాలని డిజైనర్ ఇటు తిప్పారు. కాన్సెప్ట్ అదే."

"మా అమ్మను ఈ గుమ్మం ఎప్పుడూ తొక్కనివ్వలేదు బాబూ. ఇప్పుడు ఈ గుమ్మంలోంచి వచ్చేవాళ్లకు స్వాగతం పలకాలా?"

ఆ మాటకు అతను ఒక్క క్షణం తడబడ్డాడు. అంతలోనే ఆ నవ్వు మళ్లీ తగిలించుకున్నాడు. గోడ మొత్తం మళ్లీ చేయాలట, డిజైనర్ ఒప్పుకోవాలట, ఆయన బెంగుళూరులో ఉంటాడట, ఓనర్లు ఒప్పుకోవాలట. "పైగా, మేడం, తప్పుగా అనుకోకండి, మొహం కనిపించట్లేదు కదా. మీ అమ్మగారే అనడానికి ఏమన్నా ప్రూఫ్?"

నేను నోరు తెరిచేలోపు ఖాలా బురఖాలోంచి కుడిచెయ్యి బయటికి తీసి అతని మొహం ముందు పెట్టింది. ముచ్చికలు తీసి తీసి బొటనవేలూ చూపుడువేలూ కొసలు నున్నగా, గీతల్లేకుండా ఉంటాయి ఆమెకు. ఆధార్ మిషను ఆ వేళ్లను ఎన్నిసార్లు పెట్టినా పట్టుకోదు, రేషన్ దుకాణంలో ప్రతిసారీ గొడవే.

"ఇగో, గిది ప్రూఫ్. ఆమె ఎడమచేతి ఏళ్లు గూడ గిట్లనే ఉండె. పన్నెండేండ్లు పక్కపక్కన కూసున్నం. నాకు ముసుగు దీసి మొఖం జూడాల్నా ఆమెను గుర్తువట్ట?"

అతను కాస్త వెనక్కి తగ్గాడు. కింద రాసినదాన్ని మార్చే సంగతి పైవాళ్లకు మెయిల్ పెడతానన్నాడు. ఏం రాయమంటారో చెప్పండి అన్నాడు. జీవితమంతా పిల్లల రాతలు దిద్దినదాన్ని, ఆ మాట కోసం వెతుక్కోలేదు. అమ్మ పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా. ముచ్చికలు తీసే పని, ఎడమచేతి వాటం, మూతికి గుడ్డ కట్టింది ఘాటుకు, సిగ్గుకు కాదు. అలాగే రాసుకో అన్నాను. ఫోనులో రాసుకున్నాడు. ఇప్పటికీ ఆ ఇత్తడి పలక మీద సిగ్గుల మొగ్గే ఉంది.

ఒక్క మేలు మాత్రం చేశాడు. ఆ ఫోటో నాకు వాట్సాప్‌లో పంపాడు. ఫైలు చాలా పెద్దది మేడం, ప్రింట్ బాగా వస్తుంది అన్నాడు. గిఫ్టు షాపులో అదే బొమ్మతో కప్పులు కూడా ఉన్నాయన్నాడు. మా అమ్మ మొహంతో కప్పులు! నేను ఆ మాటకు ఏమన్నానో ఇక్కడ రాయను, తెలుగు టీచరు అనాల్సిన మాట కాదు.

ఆటో ఎక్కాం. పెత్తరమాస దగ్గర్లోనే ఉంది, స్టూడియోలో ప్రింటు వేయించి ఈసారి చీర బదులు పటం పెడదాం అనుకున్నాను. కనీసం అదైనా దక్కింది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. ఖాలా మోచేత్తో పొడిచింది.

"ఫోన్ల సక్కగ తిప్పరాదా? మా మనుమడు తిప్పుతడు గట్ల ఫోటోలను."

వెతికాను. ఫోటో కింద రెండు బాణాల గుర్తు ఒకటి ఉంది. దాన్ని నొక్కితే ఫోటో తిరగబడింది. ఒక్క వేలి పని అంతే. పైట ఎడమ భుజం మీదికి వచ్చింది. ఎడమచెయ్యి ముచ్చిక మీదికి వచ్చింది. గాటు కుడి కనుబొమకు పోయింది. అప్పుడు అమ్మ అమ్మలాగా ఉంది. యాభై ఏళ్ల తర్వాత చూస్తున్నాను, మూతికి గుడ్డ ఉంటే ఉండనీ.

"ఇప్పుడు ఎటు జూస్తాంది?" అని అడిగింది ఖాలా. ఆమెకు ఫోను కనిపించదు కదా.

"తన ఎడమకు. పక్కకు తిరిగి చూస్తోంది."

"నవ్వుతాందా?"

వేళ్లతో పెద్దది చేసి చూశాను. ఖాలా చెప్పింది నిజమే. కళ్ల కొసలకు సన్నగా ముడతలు. గోదాములో అమ్మ నవ్వడం నేను ఎన్నడూ చూడలేదు.

"నవ్వుతోంది. ఏం చూసి నవ్వుతోంది ఖాలా? గుమాస్తా వచ్చాడా? ఫోటో తీసేవాడు ఏమన్నా అన్నాడా?"

ఖాలా నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"మీ అవ్వ కొసకు కూసుండె. ఆమె ఎడమ దిక్కు ఇంకెవలుండె? ఎన్క తలుపుండె. తలుపుల నువ్వుంటివి."

నేను తల అడ్డంగా ఊపాను.

"ఆమె నావైపు ఎన్నడూ చూడలేదు ఖాలా" అన్నాను. "నేను పలక ఎత్తి పట్టుకున్నా చూడలేదు."

"పలకల తలకాయ వెట్టి కూసుంటివి, నీకెట్ల ఎరుకైతది? నువ్వు తల వంచినప్పుడల్ల జూసేది. గడియకోసారి జూసేది. నువ్వు తల ఎత్తుతానవని ఎరుకైతే టక్కున పనిల వడేది. సూపు గలిస్తె బిడ్డ లోపలికి ఉరికొస్తది, ఘాటుకు దగ్గు వడ్తదని. నేనెన్నిసార్లు నవ్విన్నో దాన్ని జూసి."

ఆటో బజారు దాటుతోంది. ఫోను నా చేతిలో ఉంది. అమ్మ తల తిప్పి, గుడ్డ చాటున నవ్వుతూ నన్ను చూస్తోంది. నా ఒళ్లో పలక ఉందని, నేను అక్షరాలు దిద్దుకుంటున్నానని చూసి నవ్వుతోంది. ఆ చూపును, నాకొక్కదానికే అని పెట్టుకున్న ఆ చూపును, అటు నుంచి ఇటు తిప్పేసి, దారినపోయే గెస్టులకు స్వాగతం అని అక్కడ వేలాడదీశారు.

"తమ్మీ, బండి ఎన్కకు తిప్పు" అన్నాను ఆటో అతనితో.

"ఏమన్న మర్సిపోయిన్లా అమ్మా?"

ఖాలా బురఖా సర్దుకుంటూ నాకంటే ముందే జవాబు చెప్పింది. "మర్సిపోలే. ఈమె అవ్వను హోటలోళ్లు గెస్టుల దిక్కు తిప్పిన్లు. బిడ్డ దిక్కు తిప్పాలె. నడువు."